1951 న్యూయార్క్ జెయింట్స్: అంత గొప్ప సీజనా, అంతా టెలిస్కోప్ మహిమేనా?

ఎడిసన్_కుర్రాడు
మా ఆఫీసులో రిటైర్‌మెంట్‌కి దగ్గరపడ్డ పెద్దాయన ఒకాయన ఉన్నాడు. వాళ్ళ నాన్నది బ్రూక్లిన్. బేస్‌బాల్ మాటెత్తితే చాలు, "1951లో జెయింట్స్ టెలిస్కోప్ పెట్టి మా డాడ్జర్స్‌ని మోసం చేసి గెలిచారు" అని మొదలుపెడతాడు. పక్క సీటాయనేమో "ఆట పుట్టాక అలాంటి సీజన్ ఇంకోటి లేదు" అంటాడు. లంచ్ టైమ్ అంతా ఇదే గోల. నాకు బేస్‌బాల్ ఓ మాదిరిగా తెలుసు, పాత చరిత్ర అస్సలు తెలియదు. ఆగస్టులో పదమూడున్నర గేమ్‌లు వెనకబడ్డ జట్టు అసలు పైకెలా వచ్చింది? టెలిస్కోప్ సంగతి నిజమేనా? నిజమైతే ఆ గెలుపుకి విలువేముంది? లింకు పడేసి పారిపోకుండా మీ మాటల్లో చెప్పండి.

అమీర్‌పేట్_ఆఫ్‌స్పిన్
పదమూడున్నర ఏంటి? అర గేమ్ ఎలా ఆడతారు? వానొచ్చి ఆగిపోయిందా?

స్కోరుబుక్కు
ఆఫ్‌స్పిన్ గారూ, అది లెక్క కోసం. రెండు జట్ల గెలుపుల తేడా, ఓటముల తేడా కలిపి రెండుతో భాగిస్తారు. ఆగస్టు 11న జెయింట్స్ ఓడిపోయారు, డాడ్జర్స్ ఆ రోజు రెండు ఆటల్లో మొదటిది గెలిచారు. ఆ నిమిషానికి డాడ్జర్స్ 70 గెలుపులు, 35 ఓటములు. జెయింట్స్ 59, 51. గెలుపుల్లో తేడా 11, ఓటముల్లో 16. మొత్తం 27, అందులో సగం పదమూడున్నర. అప్పటికి సీజన్‌లో మిగిలింది ఏడు వారాలు.

అక్కడి నుంచి జెయింట్స్ ఆడిన 44 ఆటల్లో 37 గెలిచారు, ఏడే ఓడారు. 154 ఆటలు అయ్యేసరికి రెండు జట్లూ 96-58 దగ్గర సమానం. అందుకే మూడు ఆటల ప్లేఆఫ్ పెట్టాల్సొచ్చింది.

బే_ఏరియా_బాబాయ్
ఇక్కడ శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ ఆటకి వెళ్ళే మనవాళ్ళలో సగం మందికి ఆ జట్టు న్యూయార్క్ నుంచి వచ్చిందని తెలియదు. 1957 సీజన్ అవ్వగానే జెయింట్స్ ఇటొచ్చారు, డాడ్జర్స్ లాస్ ఏంజెలిస్ వెళ్ళారు. ఇప్పటికీ ఆ రెండు జట్లకీ పడదు. ఆ పగ న్యూయార్క్ నుంచి మూట కట్టుకొని తెచ్చుకున్నదే.

కుర్రాడూ, ఆగస్టు గురించే అడిగావు గానీ ఏప్రిల్ సంగతి కూడా తెలియాలి. ఆ ఏడాది జెయింట్స్ పెనెంట్ (లీగ్ టైటిల్) కొడతారని చాలామంది అనుకున్నారు. తీరా మొదలయ్యాక వరసగా 11 ఆటలు ఓడి 2-12 దగ్గర కూలబడ్డారు. మేనేజర్ లియో డ్యూరోషర్. ఈయన 1948 జూలై దాకా అదే డాడ్జర్స్‌కి మేనేజరు! సీజన్ మధ్యలో అటు నుంచి ఇటు వచ్చేశాడు. బ్రూక్లిన్ వాళ్ళకి ఆయనంటే ఎంత మంటో ఊహించుకో.

నైట్‌షిఫ్ట్
మన రాజకీయాల్లో అయితే ఇది మామూలే బాబాయ్. కండువా మార్చేస్తే సరి.

సెంటర్‌ఫీల్డ్_సుజాత
డ్యూరోషర్ సరే, విల్లీ మేస్ పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదేంటి? ఆ సీజన్ తిరిగింది మే 25న, మేస్ వచ్చిన రోజు.

అప్పటికి మేస్‌కి ఇరవై ఏళ్ళు. అలబామా కుర్రాడు. మినియాపొలిస్ మిల్లర్స్ అనే చిన్న లీగ్ జట్టుకి 35 ఆటల్లో .477 సగటుతో కొడుతున్నాడు. బేస్‌బాల్‌లో .300, అంటే పదిసార్లలో మూడు హిట్లు కొడితేనే మంచి బ్యాటర్ అని లెక్క. సూ సిటీలో సినిమా చూస్తుంటే హాల్లో దీపాలు వేసి మరీ పిలిపించారు. ఫోన్‌లో డ్యూరోషర్. పెద్ద లీగ్ పిచ్చర్లని ఆడటం తనవల్ల కాదని మేస్ అన్నాడు. ఇప్పుడు ఎంత సగటుతో ఆడుతున్నావని ఆయన అడిగాడు. .477 అనగానే, ఇక్కడ అందులో సగం కొట్టగలవా అన్నాడు. అంతే, బయల్దేరాడు.

వచ్చాక మొదటి మూడు ఆటల్లో 12 సార్లు బ్యాటింగ్‌కి వెళ్తే ఒక్క హిట్ లేదు. నాలుగో ఆట పోలో గ్రౌండ్స్‌లో, ఎదురుగా వారెన్ స్పాన్. మొదటి హిట్టే హోమ్ రన్. ఆ రోజు నేను వాణ్ణి ఔట్ చేసి ఉంటే మేస్ పీడ అందరికీ శాశ్వతంగా వదిలేది అని స్పాన్ తర్వాత జోకులేసేవాడు. ఆ తర్వాత మళ్ళీ హిట్లు ఆగిపోయాయి. 26 సార్లకి ఒక్కటే హిట్ అయింది. కుర్రాడు లాకర్ ముందు కూర్చుని ఏడ్చాడు, నన్ను వెనక్కి పంపించేయండి అన్నాడు. నేను మేనేజర్‌గా ఉన్నంత కాలం సెంటర్ ఫీల్డ్ నీదే పో అన్నాడు డ్యూరోషర్. ఆ సీజన్ చివరికి 20 హోమ్ రన్లు, రూకీ ఆఫ్ ది ఇయర్, అంటే ఆ ఏడాది కొత్తవాళ్ళలో ఉత్తముడు.

హ్యూస్టన్_హరి
బాగానే ఉంది గానీ .274 సగటు, 68 ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్‌తో రప్పించిన రన్స్). ఆ అంకెలతో సీజన్ తిప్పేశాడంటే ఎలా అండీ? ఆ ఏడాది జెయింట్స్‌ని మోసింది మాంటీ ఇర్విన్. .312, 24 హోమ్ రన్లు, 121 ఆర్‌బీఐలు. ఆర్‌బీఐల్లో లీగ్ మొత్తానికి మొదటివాడు. మేస్ మీద అభిమానంతో ఇర్విన్‌ని పక్కన పెట్టేస్తారు అందరూ.

సెంటర్‌ఫీల్డ్_సుజాత
హరి గారూ, ఇర్విన్ గొప్పతనం కాదన్నదెవరు? తొలి రోజుల్లో మేస్‌ని కనిపెట్టుకుని ఉన్నది కూడా ఆయనే. నీగ్రో లీగ్స్‌లో (నల్లజాతి ఆటగాళ్ళ కోసం వేరుగా నడిచిన లీగులు) స్టార్ అయిన మనిషి, 1949 జూలైలో హ్యాంక్ థాంప్సన్‌తో కలిసి జెయింట్స్‌లోకి వచ్చేసరికి ముప్ఫై నిండాయి. మంచి వయసంతా వర్ణవివక్ష తినేసింది. కానీ మేస్ విలువ బ్యాటింగ్ అంకెల్లో కనపడదు. ఆగస్టు 15 ఆట గురించి చదవండి.

డాడ్జర్స్‌తో ఆట. ఎనిమిదో ఇన్నింగ్స్, 1-1. మూడో బేస్ మీద బిల్లీ కాక్స్, ఒక్కడే ఔట్. కార్ల్ ఫురిల్లో కుడివైపు సెంటర్‌లోకి ఎత్తి కొట్టాడు. మేస్ పరిగెత్తుతూ పట్టాడు. క్యాచ్ పడగానే కాక్స్ రన్ కోసం హోమ్ వైపు దూసుకొచ్చాడు. మేస్ పరిగెడుతున్నది కుడివైపుకి. హోమ్‌కి విసరాలంటే ఆగాలి, తిరగాలి, కాళ్ళు సర్దుకోవాలి. అతను ఆగలేదు. అదే ఊపులో ఎడమవైపుకి గిర్రున పూర్తి చుట్టు తిరిగి, తిరుగుతూనే విసిరేశాడు. బంతి నేరుగా క్యాచర్ వెస్ వెస్ట్రమ్ చేతుల్లోకి వచ్చింది. కాక్స్ ఔట్. తర్వాత సగంలో మేస్ సింగిల్ (ఒక బేస్ హిట్) కొట్టాడు, వెంటనే వెస్ట్రమ్ హోమ్ రన్. 3-1తో గెలిచారు. ఇది టెలిస్కోప్‌తో అయ్యే పనేనా?

అమీర్‌పేట్_ఆఫ్‌స్పిన్
గిర్రున తిరిగి డైరెక్ట్ త్రో! జాంటీ రోడ్స్‌కి తాతలా ఉన్నాడే.

రాజమండ్రి_రాజు
ఇంతకీ ఆ టెలిస్కోప్ ఏంటో ఎవరైనా చెప్తారా లేదా? టైటిల్ చూసి లోపలికొచ్చా, ఇంతవరకూ దాని జాడ లేదు.

స్కోరుబుక్కు
చెప్తా. పిచ్చర్ ఏ బంతి వెయ్యాలో క్యాచర్ కాళ్ళ మధ్య వేళ్ళతో సైగ చేస్తాడు. ఒక వేలు అంటే వేగంగా వచ్చేది, రెండంటే వంపు తిరిగేది, ఇలా. ఏది వస్తుందో బ్యాటర్‌కి ముందే తెలిస్తే సగం పని అయిపోయినట్టే. రెండో బేస్ మీద ఉన్న రన్నర్ కళ్ళతో చూసి సైగ పట్టేయడం ఆటలో మామూలు విషయం, దాన్ని ఎవరూ తప్పు పట్టరు.

జెయింట్స్ చేసింది వేరు. వాళ్ళ మైదానం పోలో గ్రౌండ్స్ పొడుగాటి స్నానాల తొట్టి ఆకారంలో ఉండేది. ఎడమ గీత వెంట గోడ 279 అడుగులే, కుడివైపు 258. సెంటర్ మాత్రం 480 అడుగులు దాటి ఎక్కడో ఉండేది. ఆటగాళ్ళ క్లబ్‌హౌస్ ఆ సెంటర్ వెనకాలే, అందులో డ్యూరోషర్ ఆఫీసు. కోచ్ హెర్మన్ ఫ్రాంక్స్ ఆ కిటికీ దగ్గర టెలిస్కోప్ పెట్టుకుని కూర్చుంటాడు, క్యాచర్ వేళ్ళు చూస్తాడు, మీట నొక్కుతాడు. వైరు బుల్‌పెన్ (పిచ్చర్లు వార్మప్ చేసే చోటు) దాకా వేసి ఉంది. అక్కడ బజర్ మోగుతుంది. బుల్‌పెన్‌లో కూర్చున్న శాల్ ఇవార్స్ చేతిలో బంతిని కదలకుండా పట్టుకున్నాడా, ఎగరేశాడా అన్నది బ్యాటర్ చూసుకుంటాడు. జూలై 20 ప్రాంతంలో మొదలైంది ఈ ఏర్పాటు. గుసగుసలు ముందు నుంచీ ఉన్నా, 2001 జనవరిలో వాల్ స్ట్రీట్ జర్నల్‌లో కథనం వచ్చాక అప్పటి ఆటగాళ్ళే పేర్లతో సహా ఒప్పుకున్నారు. కాబట్టి కుర్రాడి ఆఫీసు పెద్దాయన గాల్లోంచి మాట్లాడట్లేదు.

రాజమండ్రి_రాజు
వామ్మో. వైర్లు, బజర్లు. ఎలక్ట్రీషియన్‌ని కూడా పెట్టారా?

స్కోరుబుక్కు
పెట్టారు. మైదానంలో పనిచేసే ఎలక్ట్రీషియనే వైరింగ్ చేశాడు. పైగా ఆయన డాడ్జర్స్ అభిమానట!

నైట్‌షిఫ్ట్
ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడు 😂

వెంకీ_బ్రూక్లిన్
ఇంకా చర్చ దేనికి? మోసం మోసమే. జూలై 20న వైరు వేశారు, ఆగస్టులో వరసగా 16 గెలిచారు. ఆ పదహారులో 13 సొంత మైదానంలోనే. ఇంకేం సాక్ష్యం కావాలి? హ్యూస్టన్ ఆస్ట్రోస్ 2017లో సైగలు పట్టి, చెత్తడబ్బా మోగించి బ్యాటర్‌కి చెప్పింది ఇలాగే కదా. వాళ్ళకి 50 లక్షల డాలర్ల జరిమానా పడింది, మేనేజర్ ఉద్యోగం పోయింది. వీళ్ళనేమో అద్భుతం అని పొగుడుతున్నాం.

హ్యూస్టన్_హరి
నా హ్యాండిల్ చూసి మాట్లాడారా, మాట్లాడి చూశారా? 😐

బే_ఏరియా_బాబాయ్
హరీ, నువ్వు ఈ త్రెడ్‌లో డబ్బా సౌండ్ చెయ్యకు.

హ్యూస్టన్_హరి
చెయ్యను బాబాయ్. కానీ ఒక్కటి. 2017 నాటికి ఎలక్ట్రానిక్ పరికరాలు వాడకూడదని నియమం ఉంది. 1951లో యంత్రాలతో సైగలు చూడకూడదనే నియమమే లేదు. మా వాళ్ళని సమర్థించడం లేదు, ఆ రెండిటినీ ఒకే తక్కెడలో వెయ్యకండి అంటున్నా.

వెంకీ_బ్రూక్లిన్
నియమం లేకపోతే తప్పు కాదా? తప్పు కాకపోతే యాభై ఏళ్ళు ఎందుకు దాచారు?

స్కోరుబుక్కు
వెంకీ గారూ, తప్పా కాదా అన్నది పక్కన పెట్టండి. ఉపయోగపడిందా అన్నది చూద్దాం. ఆట ఆటకీ స్కోర్లు తవ్వి తీసినవాళ్ళు లెక్క కట్టారు. జూలై 20 తర్వాత సొంత మైదానంలో జెయింట్స్ బ్యాటింగ్ సగటు పెరగలేదు, పైగా కాస్త తగ్గింది. పెరిగింది బయట మైదానాల్లో. అక్కడ టెలిస్కోప్ లేదు, ఫ్రాంక్స్ లేడు, బజర్ లేదు.

ఇంట్లో అన్ని ఆటలు ఎలా గెలిచారంటే పిచ్చింగ్ వల్ల. శాల్ మాగ్లీ 23-6 (గెలుపులు-ఓటములు), లారీ జాన్సెన్ 23-11, జిమ్ హెర్న్ 17-9. ఎదుటి జట్టుకి రన్స్ ఇవ్వలేదు. మాగ్లీకి "బార్బర్" అని పేరు, బంతి బ్యాటర్ గడ్డం దగ్గరగా వేసేవాడని. ఈ ముగ్గురి పేర్లూ ఎవరికీ గుర్తుండవు. టెలిస్కోప్ మాత్రం అందరికీ గుర్తుంటుంది.

సెంటర్‌ఫీల్డ్_సుజాత
+1. ఇంకోటి. డాడ్జర్స్ కుప్పకూలారు అని రాస్తుంటారు. 70-35 నుంచి 96-58కి వచ్చారంటే ఆ తర్వాత 26-23. గొప్పగా ఆడలేదు, అలాగని మునిగిపోనూ లేదు. మామూలుగా అయితే ఆ ఆటతో హాయిగా గెలవాలి. చివరి రోజు సెప్టెంబర్ 30న ఫిలడెల్ఫియాలో 6-1 వెనకబడి కూడా 14 ఇన్నింగ్స్ ఆడి 9-8తో గెలిచారు. పన్నెండో ఇన్నింగ్స్‌లో జాకీ రాబిన్సన్ డైవ్ చేసి పట్టకపోతే అక్కడే అయిపోయేది. పద్నాలుగులో అతనే హోమ్ రన్ కొట్టాడు. పారిపోయిన జట్టు కాదది.

వెంకీ_బ్రూక్లిన్
సగటు పెరగకపోతే ఏం? ఒక ఆటలో, సరిగ్గా అవసరమైన ఒక్క బంతికి తెలిస్తే చాలదా? అక్టోబర్ 3 సంగతేంటి? ఆ ఆట జరిగింది పోలో గ్రౌండ్స్‌లోనే.

అమీర్‌పేట్_ఆఫ్‌స్పిన్
అక్టోబర్ 3న ఏమైంది? ఒకరు మొత్తం చెప్పండి ప్లీజ్, టెన్షన్‌గా ఉంది.

బే_ఏరియా_బాబాయ్
నేను చెప్తా, స్కోరుబుక్కు కాస్త ఊపిరి తీసుకోనీ.

ప్లేఆఫ్ మొదటి ఆట బ్రూక్లిన్‌లో. టాస్ గెలిచిన డాడ్జర్సే మొదటి ఆట తమ ఇంట్లో కావాలన్నారు, దాంతో మిగతా రెండూ పోలో గ్రౌండ్స్‌కి పోయాయి. అక్కడే సగం కొంప మునిగింది. మొదటిది జెయింట్స్ 3-1. బాబీ థామ్సన్ హోమ్ రన్, వేసింది రాల్ఫ్ బ్రాంకా. ఈ రెండు పేర్లు గుర్తు పెట్టుకో. రెండో ఆట డాడ్జర్స్ 10-0. అంత ఘోరంగా ఓడిన మర్నాడు కావడంతో మూడో ఆటకి జనం 34,320 మందే, స్టేడియంలో బోలెడు సీట్లు ఖాళీ.

తొమ్మిదో ఇన్నింగ్స్ సగానికి డాడ్జర్స్ 4-1. పిచ్చర్ డాన్ న్యూకోంబ్. పాపం అతను సెప్టెంబర్ 29న ఆట మొత్తం వేశాడు, 30న మళ్ళీ వచ్చి ఐదు ఇన్నింగ్స్ పైగా వేశాడు, 3న మళ్ళీ ఇది. ఆల్విన్ డార్క్ సింగిల్ కొట్టాడు. ఇప్పుడు చూడు. మూడు రన్స్ ఆధిక్యంలో ఉన్నప్పుడు డార్క్ పరుగుకి విలువ లేదు, అయినా గిల్ హాడ్జెస్ మొదటి బేస్‌కి అతుక్కుని డార్క్‌ని కాపలా కాస్తున్నాడు. డాన్ ముల్లర్ అది చూసి, అతను వదిలేసిన ఖాళీలోంచే కొట్టాడు. హాడ్జెస్ మామూలు చోట నిలబడి ఉంటే డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దరు ఔట్) అయ్యేది. ఇర్విన్ పైకి కొట్టి ఔట్. వైటీ లాక్‌మన్ డబుల్ (రెండు బేస్‌ల హిట్) కొడితే డార్క్ వచ్చేశాడు, 4-2. మూడో బేస్‌కి జారిన ముల్లర్ చీలమండ దెబ్బతిని స్ట్రెచర్ మీద వెళ్ళాడు.

అప్పుడు న్యూకోంబ్‌ని తీసి బ్రాంకాని తెచ్చారు. జెర్సీ నంబరు 13. మొదటి బంతి స్ట్రైక్. రెండోది ఎడమవైపు గోడ మీదుగా స్టాండ్‌లోకి. 5-4. రేడియోలో రస్ హాడ్జెస్ "జెయింట్స్ పెనెంట్ గెలిచారు" అని వరసగా నాలుగుసార్లు అరిచాడు. ఆ కేక మనకి ఈ రోజు వినపడుతోందంటే ఒక అభిమాని ఇంట్లో టేప్ రికార్డర్‌లో ఎక్కించబట్టే.

అమీర్‌పేట్_ఆఫ్‌స్పిన్
మొదటి బేస్ ఖాళీగా ఉంది కదా? రెండు రోజుల క్రితమే బ్రాంకాని కొట్టినవాడికి మళ్ళీ బ్రాంకానా? కావాలనే చెడ్డ బంతులు వేసి థామ్సన్‌ని మొదటి బేస్‌కి ఊరికే నడిపించేసి ఉండాల్సింది. తర్వాత బ్యాటర్ ఎవరు?

సెంటర్‌ఫీల్డ్_సుజాత
మేస్ 🙂 ఆ బంతి నా దాకా రాకూడదు దేవుడా అనుకుంటూ వణికిపోతున్నాడని తనే తర్వాత చెప్పుకున్నాడు.

హ్యూస్టన్_హరి
నడిపిస్తే గెలిచే రన్ బేస్ మీదకి వస్తుంది. అప్పట్లో ఏ మేనేజరూ అంత సులువుగా ఆ పని చెయ్యడు. కానీ బ్రాంకా ఎందుకు అన్నది మంచి ప్రశ్న. బుల్‌పెన్‌లో కార్ల్ అర్స్కిన్ కూడా వార్మప్ చేస్తున్నాడు. అతని వంపు బంతి నేలకి తగులుతోందని అక్కడి కోచ్ ఫోన్‌లో చెప్పాడు. అందుకని బ్రాంకా. పైగా మొదటి క్యాచర్ రాయ్ కాంపనెల్లా గాయంతో ఆడలేదు. ఆ ఏడాది ఎంవీపీ (లీగ్‌లో ఉత్తమ ఆటగాడు) అతనే.

ఎడిసన్_కుర్రాడు
మరి ఆ బంతికి థామ్సన్‌కి సైగ అందిందా లేదా? పెద్దాయన పాయింటంతా అదే.

స్కోరుబుక్కు
సైగలు వాడుకున్నానని థామ్సన్ ఒప్పుకున్నాడు. ఆ బంతికి మాత్రం చూడలేదు అన్నాడు, చివరిదాకా అదే మాట మీద ఉన్నాడు. బ్రాంకాకి ఈ సంగతి 1954లోనే తెలిసింది, డెట్రాయిట్‌లో ఆడుతున్నప్పుడు ఒక సహచరుడు చెప్పాడు. ఓడిపోయి సాకులు చెప్తున్నాడంటారని ఏళ్ళ తరబడి నోరు విప్పలేదు. ఇద్దరూ కలిసి సంతకాలు పెట్టే కార్యక్రమాలకి వెళ్ళేవారు, స్నేహితులయ్యారు. తెలిసినా సరే, బంతిని కొట్టాల్సింది బ్యాటరే కదా అని బ్రాంకాయే అన్నాడు.

నా మటుకు నాకు ఇదీ లెక్క. వైరు వేసింది నిజం, సిగ్గుమాలిన పని. ఆ వైరు 37-7ని తెచ్చిందంటే నమ్మను. బంతి వేసింది మాగ్లీ, జాన్సెన్, హెర్న్.

వెంకీ_బ్రూక్లిన్
తేడా చివరికి ఒక్క ఆటే అండీ. 154 ఆటల్లో ఆ వైరు ఒక్కటంటే ఒక్క ఆట గెలిపించి ఉన్నా, అది లేకపోతే ప్లేఆఫే ఉండేది కాదు. మీ సగటులన్నీ దీనికి జవాబు చెప్పవు.

స్కోరుబుక్కు
ఈ పాయింటు గట్టిదే. దీనికి నా దగ్గర సమాధానం లేదు.

నైట్‌షిఫ్ట్
స్క్రీన్‌షాట్ తీసుకున్నా. స్కోరుబుక్కు దగ్గర సమాధానం లేకపోవడం ఈ ఫోరంలో ఇదే మొదటిసారి.

కూకట్‌పల్లి_లక్ష్మణ్_ఫ్యాన్
వాల్ స్ట్రీట్ జర్నల్‌లో అది వచ్చింది 2001 జనవరి. మార్చిలో ఈడెన్‌లో మన లక్ష్మణ్ 281. ఆస్ట్రేలియా వరసగా గెలిచినవి కూడా 16 టెస్టులే! ఫాలోఆన్ ఆడి గెలవడం కంటే గొప్ప కమ్‌బ్యాక్ చూపించండి. వైరు లేదు, బజరు లేదు, మణికట్టు ఒక్కటే.

బే_ఏరియా_బాబాయ్
ఏ త్రెడ్ తెరిచినా 281 దగ్గరికే తీసుకొస్తావురా నువ్వు. అయినా కాదనలేం.

రాజమండ్రి_రాజు
తర్వాత వరల్డ్ సిరీస్ గెలిచారా?

హ్యూస్టన్_హరి
లేదు. యాంకీస్ చేతిలో 4-2. మొదటి ఆట 5-1తో గెలిచారు, అందులో ఇర్విన్ హోమ్‌ని దొంగిలించాడు, అంటే ఎవరూ బంతి కొట్టకుండానే పరిగెత్తి హోమ్ చేరాడు. సిరీస్ మొత్తం మీద .458 కొట్టాడు. ముల్లర్ కాలికి గాయమవడంతో హ్యాంక్ థాంప్సన్ వచ్చాడు, అలా ఇర్విన్, మేస్, థాంప్సన్ ముగ్గురూ నల్లజాతి ఆటగాళ్ళే ఉన్న ఔట్‌ఫీల్డ్ వరల్డ్ సిరీస్‌లో మొదటిసారి కనపడింది. నాలుగేళ్ళ క్రితం దాకా వాళ్ళకి ఈ లీగ్‌లో చోటే లేదు. నన్నడిగితే బాబీ థామ్సన్ దెబ్బ కంటే ఇదే పెద్ద వార్త.

సెంటర్‌ఫీల్డ్_సుజాత
రెండో ఆటలో మేస్ ఎత్తి కొట్టిన బంతి కోసం వెళ్ళి యాంకీస్ కుర్రాడు మిక్కీ మ్యాంటిల్ మోకాలు పోగొట్టుకున్నాడు. సహచరుడు జో డిమాజియో నాది నాది అనేసరికి ఆగబోయాడు, బూటు డ్రెయిన్ మూతకి తట్టుకుంది. డిమాజియోకి ఆఖరి సీజన్, మ్యాంటిల్‌కీ మేస్‌కీ మొదటిది. ముగ్గురూ ఒకే బంతి దగ్గర.

ఎడిసన్_కుర్రాడు
పోలో గ్రౌండ్స్ ఇప్పుడు ఉందా? ఇక్కడి నుంచి దగ్గరే కదా, వీకెండ్ వెళ్దామనుకుంటున్నా.

వెంకీ_బ్రూక్లిన్
1964లో కొట్టేశారు. హార్లెంలో 155వ వీధి దగ్గర ఇప్పుడు పోలో గ్రౌండ్స్ టవర్స్ అని పెద్ద అపార్ట్‌మెంట్లు. హోమ్ ప్లేట్ ఉన్న చోట ఒక ఫలకం పెట్టారు. పైన కొండ మీద నుంచి దిగే పాత మెట్లదారి ఉంది, జాన్ టి. బ్రష్ మెట్లు అంటారు, బాగుచేశారు. డి ట్రైన్ ఎక్కు. ఫలకం జనం ఉండే బిల్డింగుల మధ్యలో ఉంటుంది, ఫొటోల కోసం వాళ్ళ కిటికీల ముందు హడావుడి చెయ్యకు.

నైట్‌షిఫ్ట్
బైనాక్యులర్స్ మాత్రం తీసుకెళ్ళొద్దు, అపార్థం చేసుకుంటారు.

రాజమండ్రి_రాజు
థామ్సన్ తర్వాత ఏమయ్యాడు? ఆ ఒక్క దెబ్బతోనే సరా?

స్కోరుబుక్కు
ఒక్క దెబ్బ ఏంటండీ, ఆ ఏడాది 32 హోమ్ రన్లు కొట్టాడు. స్కాట్లండ్‌లో గ్లాస్గోలో పుట్టినవాడు. నిజానికి సెంటర్ ఫీల్డ్ అతనిదే, మేస్ రావడంతో బెంచీ మీద కూర్చున్నాడు. జూలైలో హ్యాంక్ థాంప్సన్‌కి గాయమైతే మూడో బేస్‌లో చోటు దొరికింది. 1954కి ముందు అతన్ని మిల్వాకీ బ్రేవ్స్‌కి పంపేశారు. అక్కడ సీజన్ మొదలవకముందే జారుతూ చీలమండ విరగ్గొట్టుకున్నాడు. ఆ ఖాళీలో లెఫ్ట్ ఫీల్డ్‌లోకి ఒక ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణి దింపారు. పేరు హ్యాంక్ ఆరన్.

అమీర్‌పేట్_ఆఫ్‌స్పిన్
755 హోమ్ రన్ల ఆరనా?! దీనికి వేరే త్రెడ్ తెరవండి బాబూ, రేపు నాకు ఉదయం ఏడింటికి కాల్ ఉంది.